క్షేత్రపర్యటనలో ధ్వనిముద్రణ: లినక్స్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్ సమస్యలు, పరిష్కారాలు
(తాడ్వాయి మండల మౌఖిక సాహిత్య సేకరణ దృష్టితో)

వ్యాససంగ్రహం:

మౌఖిక సాహిత్య పరిశోధనకూ మాండలిక పరిశోధనకూ ధ్వనిముద్రణ మూలాధారం. లినక్స్ నిర్వహణ వ్యవస్థ గల కంప్యూటరుకు ఆడియో ఇంటర్‌ఫేస్ జతచేసి ధ్వనిముద్రణ చేసేటప్పుడు తలెత్తే సమస్యలను, వాటి కారణాలను, నివారణ మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వినబడే లోపం కంటే వినబడని లోపమే పాఠానికి ఎక్కువ హాని చేస్తుందని, దానిని దాచే ప్రయత్నం కంటే గుర్తించి నమోదు చేయడమే పరిశోధకుని విధి అని నిరూపించడం దీని ఉద్దేశం. కామారెడ్డి జిల్లా తాడ్వాయి మండలంలో చేపట్టదగిన సేకరణను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: ధ్వనిముద్రణ, లినక్స్, ఆడియో ఇంటర్‌ఫేస్, అల్సా, పైప్‌వైర్, ఒగ్గుకథ, తెలంగాణ మాండలికం, గ్రంథపాతం.

1. ఉపోద్ఘాతం

జానపద కథాగానంలో పాఠం కళాకారుని కంఠంలో పుడుతుంది. అదే కథను అదే కళాకారుడు మరునాడు చెప్పినా అది మరొక పాఠమే. ఆల్బర్ట్ లార్డ్ 1960లో వెలువరించిన గ్రంథంలో మౌఖిక గానానికి సంబంధించిన ఈ సత్యాన్ని విస్తృతంగా నిరూపించాడు. తెలుగులోనూ ఇందుకు ఆధారాలు తక్కువేమీ కాదు. అలిశెట్టి గాలేయ్య పాడిన పల్నాటి వీరుల కథ ఆధారంగా జీన్ రోఘేర్ 1982లో తన ఆంగ్ల గ్రంథాన్ని వెలువరించగలిగాడంటే, ఒక గాయకుడు పాడిన ఒకానొక పాఠం నిలిచి ఉండడమే అందుకు కారణం.

తాడ్వాయి మండలంలోని ఒక ఊళ్లో ఒగ్గుకథను ముద్రించబోతున్నామనుకుందాం. ప్రధాన కథకుడు, వంతపాట, డోలు, తాళాలు, చుట్టూ కూర్చున్న జనం. లేదా ఒక ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే స్త్రీల చేత వారి వృత్తిపదాలు చెప్పించుకుంటున్నామనుకుందాం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు చూపిన బాటలో ఇంకా నడవవలసిన దూరం చాలా ఉంది. ఈ రెండు సందర్భాలకూ నేటి పరిశోధకుడు తీసుకెళ్లేవి లాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఒకటి రెండు మైకులు.

ఆ లాప్‌టాప్‌లో లినక్స్ ఉండడానికి సాధారణంగా చెప్పే కారణం అది ఉచితం కావడం. అది సగం కారణమే. పాత కంప్యూటరులోనూ నడవడం, ముద్రణలు బహిరంగ ప్రమాణాలలో నిలిచి ఉండడం, ధ్వని ఏ దారిలో నడుస్తున్నదో విప్పి చూడగల వీలుండడం మిగిలిన సగం. ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులోకి తెచ్చిన నిర్వహణ వ్యవస్థ కారణంగా ఈ ఆలోచన తెలంగాణ కళాశాలలకు కొత్తది కాదు.

అయితే లినక్స్‌లో ధ్వనిముద్రణ గురించి లభించే సూచనలలో అధికభాగం సంగీతకారుల కోసం రాసినవి. వారికి ప్రధాన శత్రువు ఆలస్యం. తీగ మీటిన వెంటనే చెవిలో వినబడాలి. క్షేత్రపరిశోధకునికి ఆలస్యంతో పనిలేదు, ధ్వని ఎక్కడా లోపించకపోవడం ముఖ్యం. ఈ భేదాన్ని గుర్తించకుండా సంగీతకారుల అమరికలను యథాతథంగా అనుసరించడమే చాలా చిక్కులకు మూలమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2. ధ్వని నడిచే దారి

మైకు పట్టిన కంపనం విద్యుత్తుగా మారి ఇంటర్‌ఫేస్‌కు చేరుతుంది. అక్కడ అది సెకనుకు 48,000 నమూనాల చొప్పున అంకెలుగా మారి యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటరుకు వస్తుంది. లినక్స్ కెర్నెల్‌లో దానిని అందుకునేది అల్సా. యారొస్లావ్ కిసెలా ప్రారంభించిన ఈ భాగం 2003లో వచ్చిన కెర్నెల్ 2.6 నుండి ప్రమాణంగా ఉన్నది. అల్సా మీద ధ్వనిని వివిధ అనువర్తనాలకు పంచిపెట్టే సర్వరు ఉంటుంది. ఒకప్పుడు సామాన్య వినియోగానికి పల్స్‌ఆడియో, సంగీతకారులకు జాక్ అని రెండు వేర్వేరుగా ఉండేవి. విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ ఆ రెండింటి పనినీ ఒక్కటే చేస్తుంది. ఫెడోరా 34లో (2021), ఉబుంటు 22.10లో (2022) అది సహజ అమరిక అయింది. అన్నింటికీ పైన ఆడాసిటీ, ఆర్డర్ వంటి ముద్రణ అనువర్తనం ఉంటుంది.

సమస్య వచ్చినప్పుడు చాలామంది పైనుండి మొదలుపెడతారు. ఆడాసిటీని తీసివేసి మళ్లీ వేస్తారు, అది కుదరకపోతే వ్యవస్థనే మారుస్తారు. దారి మొదలైన చోటు నుండి, అంటే మైకు నుండి, ఒక్కొక్క మజిలీ దాటుతూ పైకి రావడం వివేకం. ఏ మజిలీ దాకా ధ్వని వచ్చిందో తెలిస్తే లోపం ఆ తరువాతి మజిలీలోనే ఉంటుంది.

3. పరికరం కనబడకపోవడం, కనబడినా పలకకపోవడం

యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే ఇంటర్‌ఫేస్‌కు లినక్స్‌లో విడిగా డ్రైవరు అవసరం లేదు. తగిలించగానే కెర్నెల్ గుర్తిస్తుంది. గుర్తించిందో లేదో తెలియడానికి టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అనే ఆజ్ఞ చాలు. అందులో పరికరం పేరు లేకపోతే లోపం తీగలోనో, పోర్టులోనో, మధ్యలో పెట్టిన హబ్‌లోనో ఉంటుంది. ఫోనుకు ఛార్జింగు పెట్టే తీగలలో కొన్ని విద్యుత్తును మాత్రమే మోస్తాయి, సమాచారాన్ని మోయవు. ఇంటర్‌ఫేస్ మీద దీపం వెలుగుతున్నా కంప్యూటరులో కనబడకపోతే మొదట అనుమానించవలసింది తీగనే. కొన్ని పరికరాలకు ప్రత్యేక స్వభావాలుంటాయి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ మూడోతరం ఇంటర్‌ఫేస్‌లు కొత్తలో పెన్‌డ్రైవు వంటి నిల్వపరికరంగా కూడా కనబడే స్థితిలో ఉంటాయి. 48 వోల్టుల మీటను నొక్కిపట్టి పరికరాన్ని వెలిగిస్తే ఆ స్థితి తొలగిపోతుంది.

పేరు కనబడినా ధ్వని రాకపోవడానికి కారణాలు అనేకం. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు ఇవ్వకపోతే అది మౌనంగా ఉంటుంది. డైనమిక్ మైకుకు దాని అవసరం లేదు. ఆడాసిటీ తెరిచిన తరువాత ఇంటర్‌ఫేస్ తగిలిస్తే అది జాబితాలోకి రాదు. ధ్వనిపరికరాలను మళ్లీ వెతికే ఎంపికను వాడాలి. లేదా అనువర్తనాన్ని మూసి తెరవాలి. స్నాప్ పద్ధతిలో స్థాపించిన అనువర్తనానికి మైకు వినే అనుమతిని విడిగా ఇవ్వవలసి రావచ్చు. పరికరం వేరొకరి అధీనంలో ఉన్నదని సందేశం వస్తే, పైప్‌వైర్ పట్టుకుని ఉన్న ఇంటర్‌ఫేస్‌ను ఆడాసిటీ అల్సా ద్వారా నేరుగా అడుగుతున్నదని అర్థం. అప్పుడు ఇన్‌పుట్‌గా పైప్‌వైర్‌నో, సహజ పరికరాన్నో ఎంచుకోవాలి.

ఒక మైకును మొదటి రంధ్రంలో పెట్టి రెండు చానెళ్ల ముద్రణ చేస్తే ధ్వని ఎడమ చెవిలోనే వినిపిస్తుంది. అది లోపం కాదు. ఒక చానెల్‌తో ముద్రిస్తే సరిపోతుంది. నాలుగు, ఎనిమిది రంధ్రాలున్న ఇంటర్‌ఫేస్‌లో కొన్ని చానెళ్లే కనబడుతుంటే పైప్‌వైర్ ఇచ్చే ‘ప్రో ఆడియో’ అమరికకు మారాలి. అప్పుడు చానెళ్లన్నీ విడివిడిగా దొరుకుతాయి. కథకునికి ఒక చానెల్, డోలుకు ఒక చానెల్ కేటాయించగలిగితే లేఖనవేళ ఎంతో శ్రమ తగ్గుతుంది.

ధ్వని రాకపోవడం కంటే ప్రమాదకరమైనది ఒకటున్నది. ముందు బల్ల మీద మంచి మైకు ఉంటుంది, ముద్రణ మాత్రం లాప్‌టాప్‌లోని చిన్న మైకు నుండి జరుగుతుంటుంది. ధ్వని వస్తూనే ఉంటుంది గనుక ఎవరికీ అనుమానం కలగదు. ఇంటికి వచ్చి వింటే కథకుని మాట బావిలోంచి వచ్చినట్లు, కీబోర్డు టకటకలు పక్కనే ఉన్నట్లు వినబడతాయి. మైకు జాలీని గోటితో మెల్లగా గీకి, తెరమీద మట్టం కదులుతున్నదో లేదో చూడడం దీనికి పరీక్ష. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి మరొకటి లేదు.

4. మధ్యలో లోపించే ధ్వని

మిల్మన్ పారీ 1930లలో యుగోస్లావియాలో వీరగాథలను ముద్రించడానికి అల్యూమినియం పళ్లాలు వాడాడు. ఒక్కో పళ్లెం మీద కొన్ని నిమిషాల గానమే పడుతుంది. పాట ఆగకుండా ఉండడానికి ఆయన రెండు పళ్లాల యంత్రాన్ని ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఒకటి నిండగానే ముద్రణ రెండోదాని మీదికి మారుతుంది, ఆలోగా మొదటిదాన్ని మార్చాలి. మార్చడం ఆలస్యమైతే ఆ మధ్య పాడిన మాటలు గాలిలో కలిసిపోతాయి.

కంప్యూటరులో బఫర్ అనేది సరిగ్గా ఇదే ఏర్పాటు. ఇంటర్‌ఫేస్ నుండి వచ్చే నమూనాలు ఒక చిన్న గదిలో నిండుతుంటే, అంతకుముందు నిండిన గదిని కంప్యూటరు ఖాళీ చేస్తుండాలి. 48,000 నమూనాల వేగంలో 1024 నమూనాల గది నిండడానికి పట్టే కాలం దాదాపు 21 మిల్లీసెకన్లు. 128 నమూనాలైతే మూడు మిల్లీసెకన్లకు లోపే. ఇంతలో కంప్యూటరు వై-ఫై కోసమో, బ్రౌజరు కోసమో వేరే పనిలో పడి ఆలస్యమైతే ఆ గదిలోని ధ్వని పోతుంది. లినక్స్ పరిభాషలో దీనిని ఎక్స్‌రన్ అంటారు.

ఇరవై మిల్లీసెకన్లు పోతే ఏమవుతుందనే ప్రశ్న సహజమే. సాధారణ సంభాషణలో హ్రస్వాచ్చు పలకడానికి పట్టే కాలం సెకనులో పదోవంతు లోపే ఉంటుంది. దీర్ఘానికీ హ్రస్వానికీ తేడా పదుల మిల్లీసెకన్లలోనే ఉంటుంది. తెలంగాణ మాండలికంలో ‘ఉన్నడు’, ‘చేస్తున్నడు’ అనే రూపాలకూ ప్రామాణిక భాషలోని ‘ఉన్నాడు’, ‘చేస్తున్నాడు’ రూపాలకూ ఉన్న భేదం సరిగ్గా ఈ కాలపరిమాణం మీదనే ఆధారపడి ఉన్నది. తాడ్వాయి వక్త ఒకే సంభాషణలో ఈ రెండు రూపాలనూ వాడవచ్చు. పాఠశాల విద్య, టీవీ, ఎదుట కూర్చున్న అధ్యాపకుని భాష ఆయన మాటను ఎప్పుడు ఎటు మారుస్తున్నవో చూడడమే పరిశోధన. రెండు మూడు గదుల ధ్వని ఆ ‘నా’ అక్షరం దగ్గర లోపిస్తే, వక్త దీర్ఘంగా పలికినది మన లేఖనంలో హ్రస్వంగా నమోదవుతుంది. మాండలిక పరిశోధకుడు అదే రూపాన్ని ఆశిస్తూ ఉంటాడు గనుక ఆయనకు అనుమానం కూడా రాదు.

ద్విత్వాల విషయం ఇంకా సూక్ష్మం. ‘గుడి’, ‘గుడ్డి’ అనే మాటలలో ప్రధాన భేదం నాలుక అంగిలిని తాకి ఉండే కాలంలో ఉన్నది. ఆ కాలంలో వినబడే ధ్వని చాలా స్వల్పం. ‘అటు’, ‘అట్టు’ వంటి శ్వాస వర్ణాలలోనైతే ఆ వ్యవధి నిశ్శబ్దమే. అచ్చు మధ్యలో ధ్వని తెగితే టిక్కుమని వినబడుతుంది. నిశ్శబ్దంలో కొంత నిశ్శబ్దం పోతే ఏమీ వినబడదు. చెవితో కనిపెట్టలేని లోపమిది.

ఈ కారణంగా లోపాన్ని వినడం కంటే లెక్కించడం అవసరం. పైప్‌వైర్‌తో వచ్చే ‘పీడబ్ల్యూ-టాప్’ అనే సాధనంలో ‘ఈఆర్ఆర్’ శీర్షిక కింద ఎక్స్‌రన్‌ల సంఖ్య కనబడుతుంది. ముద్రణకు ముందూ తరువాతా ఆ సంఖ్య మారకుండా ఉండాలి. ఆడాసిటీలోనూ ముద్రణలో తెగిన చోట్లను గుర్తుపట్టే ఎంపిక ఉన్నది. దానిని ఎప్పుడూ తెరిచి ఉంచాలి.

నివారణకు మొదటి మెట్టు గదిని పెద్దది చేయడం. పైప్‌వైర్‌లో దీనిని క్వాంటం అంటారు. క్షేత్రముద్రణకు 1024 లేదా 2048 ఉంచడంలో ఏ నష్టమూ లేదు. దానివల్ల హెడ్‌ఫోనులో మాట ఆలస్యంగా వినబడుతుందనుకుంటే, ఇంటర్‌ఫేస్ మీదనే ఉండే ప్రత్యక్ష శ్రవణ మీటను వాడుకోవచ్చు. అది కంప్యూటరు దాకా పోకుండానే ధ్వనిని చెవికి అందిస్తుంది. 64, 128 అనే చిన్న సంఖ్యలు గిటారు వాయించేవారికి అవసరం, మనకు వాటితో పనిలేదు. ఆ పైన బ్రౌజరు మూసివేయడం, వై-ఫై, బ్లూటూత్ ఆపడం, ఇంటర్‌ఫేస్‌ను హబ్ లేకుండా నేరుగా పోర్టుకు తగిలించడం చేయాలి. బ్రౌజరు మూయడానికి మరొక కారణం కూడా ఉన్నది. ఆన్‌లైన్ సమావేశాల కోసం అది మైకు మట్టాన్ని తనంతట తానే పెంచి తగ్గించగలదు. కథకుడు గుసగుసగా చెప్పిన మాటకూ, గొంతెత్తి పిలిచిన పిలుపుకూ తేడా లేకుండా పోవడానికి ఇదొక కారణం కావచ్చు.

5. గుయ్‌మనే ధ్వని, బ్యాటరీ చిక్కు

ఊళ్లో ముద్రణ చేసేటప్పుడు వెనుకనుండి సన్నగా గుయ్‌మనే ధ్వని వినబడడం సర్వసాధారణం. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున వస్తుంది. ఆ ధ్వని 50, 100, 150 హెర్ట్జుల దగ్గర ఉంటుంది. ఎర్త్ సరిగా లేని ఇంటి ప్లగ్గులో ఛార్జరు పెట్టినప్పుడు ఇది ఎక్కువ. ఛార్జరు తీసి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే ధ్వని ఆగిందంటే కారణం అదే.

బ్యాటరీ మీద నడిపితే మరొక చిక్కు వస్తుంది. విద్యుత్తు ఆదా చేయడానికి కంప్యూటరు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పుడు వెనుక చెప్పిన ఎక్స్‌రన్‌లు పెరగవచ్చు. వినబడే గుయ్‌మనే ధ్వనిని వదిలించుకోబోయి వినబడని లోపాన్ని కొనితెచ్చుకున్నట్లవుతుంది. అందువల్ల బ్యాటరీ మీద ముద్రించేటప్పుడు శక్తి అమరికను ‘పెర్ఫార్మెన్స్’కు మార్చి (ఆ లాప్‌టాప్‌లో అది ఉంటే), క్వాంటం 2048 ఉంచి, పీడబ్ల్యూ-టాప్‌ను గమనించాలి. రెంటిలో ఒకటే సాధ్యమైతే గుయ్‌మనే ధ్వనినే భరించడం మేలు. అది పాఠం మీద మురికి వంటిది, ఎక్స్‌రన్ పాఠానికి పడిన చిల్లు.

ఆ మురికిని తుడిచే సాధనాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 100, 150 హెర్ట్జుల దగ్గర కోత పెడితే పురుషకంఠం మూలస్థాయి కూడా అక్కడే ఉంటుంది గనుక స్వరపు ఎత్తుపల్లాల విశ్లేషణ చెడిపోతుంది. శబ్దనిర్మూలన సాధనం ఊపిరినీ, పదాంతంలో సన్నగిల్లే అచ్చునూ, దూరం నుండి వచ్చే ‘ఆఁ’ అనే ఊకొట్టునూ శబ్దంగానే భావిస్తుంది. ఒగ్గుకథలో ఊకొట్టు కథలో భాగం. ఈ మార్పులు అవసరమైతే ప్రతిలో చేయాలి, మూలంలో చేయరాదు.

మట్టం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. డోలు మీద దెబ్బ పడినప్పుడు సూచిక సున్నాకు 12 డెసిబెళ్లు దిగువన ఉండేట్లు ఇంటర్‌ఫేస్ మీది గుండీతోనే సరిచేయాలి. కంప్యూటరులోని మట్టం నూరుశాతం దగ్గర ఉంచి కదపరాదు. ఇంటర్‌ఫేస్‌లోనే చిట్లిన ధ్వనిని కంప్యూటరులో తగ్గిస్తే చిట్లినదే చిన్నగా వినబడుతుంది. 24 బిట్లలో ముద్రిస్తే ఇంత జాగా వదిలినా నష్టం ఉండదు.

6. వేగం మారిన గొంతు

సెకనుకు 44,100 నమూనాలతో ముద్రించిన ధ్వనిని 48,000గా భావించి వినిపిస్తే గంట నిడివి గల కథ దాదాపు 55 నిమిషాలలో ముగుస్తుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి పోతుంది. కథకుని గొంతు ఎరిగినవారికి తేడా తెలుస్తుంది. ఎరగనివారికి ఆయన ఉత్సాహంగా, వడిగా చెప్పినట్లు తోస్తుంది. శుద్ధముద్రణలను దిగుమతి చేసుకునేటప్పుడు నమూనాల వేగాన్ని తప్పుగా పేర్కొంటే ఇది జరుగుతుంది. ఇంటర్‌ఫేస్, పైప్‌వైర్, ఆడాసిటీ మూడింటినీ 48,000 దగ్గరనే ఉంచితే మధ్యలో మార్పిడి అవసరమే ఉండదు. ముద్రణ ఆరంభంలో చేతిగడియారం చూసి సమయం చెప్పి, ముగింపులో మళ్లీ చెప్పడం పాత టేపురికార్డరు కాలపు అలవాటు. నిడివిని సరిచూసుకోవడానికి అది ఇప్పటికీ పనికివస్తుంది.

7. తెల్లవారేదాకా సాగే కథ, దస్త్రం పేరు

రెండు చానెళ్లు, 24 బిట్లు, 48,000 నమూనాల లెక్కన గంట ముద్రణ ఒక గిగాబైటుకు కొంచెం పైన ఉంటుంది. సాధారణ వేవ్ దస్త్రం నాలుగు గిగాబైట్లు దాటలేదు. అంటే దాదాపు నాలుగు గంటల ఎనిమిది నిమిషాలు. రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారుజామున ముగిసే కథకు ఇది చాలదు. కథలో విరామం వచ్చినప్పుడల్లా, గంటకొకసారైనా, కొత్త దస్త్రం మొదలుపెట్టాలి. లేదా ఆర్ఎఫ్64 రూపంలో దాచాలి. నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ రూపం పరిమాణాన్ని సగానికి కాస్త అటూ ఇటూగా తగ్గిస్తుంది. పాత పెన్‌డ్రైవులలోని ఫ్యాట్32 అమరికకూ నాలుగు గిగాబైట్ల పరిమితే ఉన్నది. ప్రతి తీసుకునేటప్పుడు అంతకంటే పెద్ద దస్త్రం రాకుండా పోవడానికి అదే కారణం.

దస్త్రానికి తెలుగులో పేరు పెట్టడం మంచిదే. అయితే లినక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 వ్యవస్థలో పేరుకు 255 బైట్లే హద్దు. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణసంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. గుణింతపు గుర్తులూ, పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘తాడ్వాయి’ అనే మూడక్షరాల మాటకు ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు పడతాయి. మొత్తం మీద 85 సంకేతాలు దాటరాదు. విండోస్‌లో పెట్టిన పొడుగాటి తెలుగు పేరు లినక్స్‌కు తెచ్చేటప్పుడు తిరస్కరించబడడం ఇందువల్లనే. కథకుని పేరు, కథ పేరు, కులం, ఊరు, తేదీ అన్నీ దస్త్రం పేరులోనే ఇరికించకుండా వాటికి విడి పట్టిక రాయాలి.

ఆ పట్టికలో ఊరి పేరు ఒక్కటే రాస్తే చాలదు. తెలంగాణలో తాడ్వాయి పేరుతో రెండు మండలాలున్నవి. ఒకటి కామారెడ్డి జిల్లాలోనిది. మరొకటి మేడారం జాతర జరిగే ములుగు జిల్లాలోనిది. మాండలిక దృష్టిలో ఈ రెండూ వేర్వేరు ప్రాంతాలు. పైగా కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది. అంతకుముందు చేసిన సేకరణలలో ఈ తాడ్వాయి నిజామాబాదు జిల్లా కింద ఉంటుంది. పాత, కొత్త జిల్లాలు రెండూ రాయాలి.

ఇంటర్‌ఫేస్ పేరు, కెర్నెల్ సంఖ్య, నమూనాల వేగం, క్వాంటం, ఛార్జరు మీదనా బ్యాటరీ మీదనా, ఎక్స్‌రన్‌ల సంఖ్య అనేవి కూడా అదే పట్టికలో ఉండాలి. ఆడాసిటీ తెగినట్లు చూపిన చోట్లను నిమిషం, సెకనుతో సహా రాసుకోవాలి. అక్కడ వినబడే టిక్కును ‘క్లిక్ రిమూవల్’ సాధనంతో తుడిచివేస్తే వినడానికి హాయిగా ఉంటుంది గాని, లోపించిన ధ్వని తిరిగి రాదు, లోపించిందన్న ఆనవాలు మాత్రం పోతుంది. తాళపత్రం చిరిగిన చోట, పురుగు తిన్న చోట పూర్వపు పరిష్కర్తలు గ్రంథపాతమని చుక్కలు పెట్టి వదిలారు. ఊహించి పూరించిన చోట్ల ఆ సంగతి అధస్సూచికలో చెప్పారు. ధ్వనిముద్రణ నుండి పాఠాన్ని లేఖనం చేసేవారూ ఎక్స్‌రన్ నమోదైన చోట అదే చిహ్నాన్ని వాడవచ్చు. ఆ చిహ్నానికి ముందు వెనుకల అచ్చుల దైర్ఘ్యాన్ని మాండలిక గణాంకాలలో చేర్చకుండా పక్కన పెట్టాలి.